రేడియేషన్ ఆంకాలజీ రీసెర్చ్‌లో ఉన్నవాళ్ళకి పక్క సబ్జెక్ట్ ఎంత లోతుగా రావాలి? క్లాసులు సరిపోతాయా?

కొత్త_స్కాలర్

అందరికీ నమస్తే అండి. పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

నేను ఫిజిక్స్‌లో మాస్టర్స్ చేసి రేడియేషన్ ఆంకాలజీ (రేడియేషన్‌తో క్యాన్సర్ ట్రీట్‌మెంట్) గ్రూప్‌లో పీహెచ్‌డీకి చేరాను. టాపిక్ ఏంటంటే ట్యూమర్‌లో ఆక్సిజన్ సరిగ్గా అందని భాగాల్ని పెట్ స్కాన్‌లో (ట్రేసర్ ఇచ్చి తీసే స్కాన్) పట్టుకుని, అక్కడ మాత్రం రేడియేషన్ డోస్ పెంచితే ట్యూమర్ కంట్రోల్ మెరుగవుతుందా అని చూడటం. వినడానికి ప్లానింగ్ పనిలాగే (రేడియేషన్ ఎక్కడ ఎంత పడాలో కంప్యూటర్‌లో లెక్క కట్టడం) ఉంటుంది గానీ లోపలికి దిగితే సగం బయాలజీ, మిగతా సగంలో ఇమేజింగూ క్లినిక్కూ. అందుకే నాకు ఇద్దరు గైడ్‌లు, ఒకరు మెడికల్ ఫిజిసిస్ట్, ఇంకొకరు రేడియోబయాలజిస్ట్, వీళ్ళు కాక ఒక రేడియేషన్ ఆంకాలజిస్ట్ గారు అడ్వైజర్.

మా ప్రోగ్రామ్‌లో ఇంటర్‌డిసిప్లినరీ ట్రైనింగ్ తప్పనిసరి. నా బ్యాచ్‌లో బయాలజీ వాళ్ళున్నారు, డాక్టర్లున్నారు, కంప్యూటర్ సైన్స్ వాళ్ళున్నారు, అందరికీ అన్ని క్లాసులూ. డీఎన్‌ఏ రిపేర్ పాత్‌వేలు చెప్తుంటే నేను స్లైడ్‌లోని పేర్లు రాసుకుంటూ కూర్చుంటా, మాంటీ కార్లో (ర్యాండమ్ నంబర్లతో డోస్ లెక్క కట్టే పద్ధతి) చెప్తుంటే నా పక్కన కూర్చున్న బయాలజీ ఫ్రెండ్ అదే పని చేస్తుంది. పరీక్షలు పాస్ అవుతున్నాం అందరం. కానీ గ్రూప్ మీటింగ్‌లో ఒక ఫిజిక్స్ వాళ్ళు ప్రెజెంట్ చేస్తే బయాలజీ వాళ్ళు ఒక్క ప్రశ్న అడగరు, వాళ్ళు చేస్తే మేం అడగం, "బాగుంది" అనేసి లేచిపోతాం. ఇది ట్రైనింగ్ ఎలా అవుతుందో నాకు అర్థం కావట్లేదు.

నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా, అన్నీ కొంచెం కొంచెం వచ్చి ఏదీ పూర్తిగా రానివాడిగా మిగిలిపోతానేమో అని భయంగా ఉంది. ఎంత లోతు వరకు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి? క్లాసులు కాకుండా చేత్తో చేసి నేర్చుకోవాల్సినవి ఏంటి? ఇంకో చిక్కు, ఒక గైడ్ ముందు ప్లానింగ్ స్టడీ పూర్తిచేసి పేపర్ పంపమంటున్నారు, ఇంకొకరు ముందు వచ్చి సెల్ ల్యాబ్‌లో కూర్చోమంటున్నారు. ఈ దారిలో ముందే నడిచినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

లినాక్_పక్కన

తమ్ముడూ, నేను క్లినికల్ ఫిజిసిస్ట్‌ని, రీసెర్చ్ కూడా చేస్తుంటా. నా మట్టుకు నాకు లోతు ఎంత అనేదానికి ఒకటే కొలత, నీ పేపర్‌లో నువ్వు వాడే ప్రతి నంబర్ ఎక్కడ పుట్టిందో నీకు తెలియాలి, ఆ పుట్టిన చోటికి ఒక్కసారైనా వెళ్ళి చూసి రావాలి. అంతవరకు వెళ్ళు, ఆ తర్వాత ఆగినా ఫర్వాలేదు.

ఉదాహరణ చెప్తా. ప్లాన్‌లు పోల్చేటప్పుడు నువ్వు బీఈడీ (డోస్ టిష్యూ మీద చూపే అసలు ప్రభావం ఎంతో చెప్పే విలువ) లెక్క వేస్తావు కదా, మొత్తం డోస్‌ని ఒకటి ప్లస్ ఫ్రాక్షన్ డోస్ బై ఆల్ఫా బీటాతో గుణించడం. ఫ్రాక్షన్ అంటే ఒక్కసారి ఇచ్చే విడత, ఆల్ఫా బీటా అంటే విడత సైజుకి ఆ టిష్యూ ఎంత సెన్సిటివో చెప్పే నంబర్, గ్రే అంటే డోస్ యూనిట్. 2 గ్రే చొప్పున 30 ఫ్రాక్షన్లు తీసుకో, ట్యూమర్‌కి ఆల్ఫా బీటా 10 పెడితే 72 వస్తుంది, ఆలస్యంగా రియాక్ట్ అయ్యే నార్మల్ టిష్యూకి 3 పెడితే 100 వస్తుంది. ఇప్పుడు అదే 60 గ్రేని 3 గ్రే చొప్పున 20 ఫ్రాక్షన్లలో ఇవ్వు. ట్యూమర్‌కి 78, టిష్యూకి 120. మొత్తం డోస్ ఏం మారలేదు, ట్యూమర్ వైపు ఎనిమిది శాతం పెరిగింది, నార్మల్ టిష్యూ వైపు ఇరవై శాతం పెరిగింది. ఫిజిక్స్ వాళ్ళం ఈ లెక్క కళ్ళు మూసుకుని చేస్తాం, కోడ్‌లో పెట్టేస్తాం. కానీ ఆ 10, ఆ 3 ఎవరు ఎలా కొలిచారు, ఎంత ఎర్రర్‌తో కొలిచారు, ఆ ట్యూమర్ రకానికి నిజంగా 10 వర్తిస్తుందా అని అడగం. ప్రోస్టేట్‌కి ఆ విలువ 1.5 చుట్టుపక్కల ఉంటుందని చాలా స్టడీలు చెప్తున్నాయి, బ్రెస్ట్‌కి 3 నుంచి 4 మధ్య. అంటే ట్యూమర్‌కీ నార్మల్ టిష్యూకీ మధ్య మనం నమ్ముకున్న తేడా అక్కడ దాదాపు లేదు, కొన్నిచోట్ల తిరగబడింది కూడా. బ్రెస్ట్‌కి 26 గ్రేని 5 ఫ్రాక్షన్లలో వారంలో ఇచ్చేయొచ్చని 2020లో ఫాస్ట్ ఫార్వర్డ్ ట్రయల్ చూపించిందంటే దాని వెనకాల ఈ చిన్న నంబర్ మీద ఏళ్ళ తరబడి చేసిన క్లినికల్, బయాలజీ పని ఉంది. లినాక్ (రేడియేషన్ ఇచ్చే మెషీన్) మంచిది కాబట్టి వచ్చిన ఫలితం కాదది.

మన ఫీల్డ్ పుట్టిందే ఇలా కలిసి కూర్చున్న మనుషుల వల్ల. డోస్ యూనిట్‌కి ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ గ్రే గారు ఫిజిసిస్ట్. ఆయన టాంలిన్సన్ గారితో కలిసి ఊపిరితిత్తుల ట్యూమర్ కోతల్ని మైక్రోస్కోప్ కింద చూసి, కణాలు రక్తనాళానికి ఎంత దూరంలో చచ్చిపోతున్నాయో కొలిచి, ఆక్సిజన్ ఎంత దూరం పాకగలదో లెక్క కట్టి 1955లో పేపర్ రాశారు. నీ పీహెచ్‌డీ టాపిక్‌కి మూలం అదే, కోత చూడకుండా లెక్క లేదు, లెక్క లేకుండా ఆ కోతకి అర్థం లేదు. స్టాన్‌ఫర్డ్‌లో 1956లో మెడికల్ లినాక్ మొదలైందంటే డాక్టర్ కాప్లాన్, ఫిజిసిస్ట్ గింజ్టన్ ఇద్దరి పని. గామా నైఫ్ అనే మెదడు రేడియేషన్ మెషీన్ తెచ్చింది న్యూరోసర్జన్ లెక్సెల్, ఆయనతో పాటు లార్సన్ అనే రేడియేషన్ సైంటిస్ట్. ఒకరి దగ్గర ప్రశ్న ఉంది, ఇంకొకరి దగ్గర దాన్ని కొలిచే దారి ఉంది.

క్లాసుల సంగతి అడిగావు కదా, నన్నడిగితే వాటి వల్ల పెద్దగా ఒరిగేది లేదు. వంద స్లైడ్‌లు చూసేకంటే ఒక క్లోనోజెనిక్ ఎస్సే (రేడియేషన్ తర్వాత ఎన్ని కణాలు కాలనీలుగా పెరుగుతాయో లెక్కపెట్టే పరీక్ష) నీ చేత్తో మొదటినుంచి చివరిదాకా చెయ్, పొద్దున మెషీన్ క్యూఏ (క్వాలిటీ చెక్) జరిగేటప్పుడు బయాలజీ ఫ్రెండ్‌ని తీసుకురా, అయాన్ ఛాంబర్ (డోస్ కొలిచే పరికరం) వాటర్ ఫాంటమ్‌లో (శరీరం బదులు పెట్టే నీళ్ళ తొట్టె) పెట్టి రీడింగ్‌ని గ్రేలోకి ఎలా మారుస్తారో చూపించు, ఎన్ని కరెక్షన్లు గుణిస్తామో చూసిందంటే తర్వాత ఆ అమ్మాయి తన పేపర్‌లో "4 గ్రే ఇచ్చాం" అని ఒక్క లైన్‌లో రాసి వదిలెయ్యదు.

గైడ్‌ల గొడవ గురించి తర్వాత రాస్తా, ముందు మిగతావాళ్ళు ఏమంటారో చూద్దాం.

కాలనీ_కౌంటర్

నేను రేడియోబయాలజీ. పైన అన్న చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటా గానీ క్లాసుల వల్ల ఒరిగేది లేదంటే మాత్రం ఒప్పుకోను. ఆ పదాలే రాకపోతే ల్యాబ్‌లో ఏం జరుగుతోందో నిలబడి చూసినా అర్థం కాదు, అడగడానికి నోరు రాదు. క్లాసులు ఉండాలి, కాకపోతే క్లాస్ అయిన వారంలోనే దానికి సంబంధించిన పని చేత్తో పడాలి, ఆరు నెలల తర్వాత అంటే ఎవరికి గుర్తుంటుంది చెప్పండి.

ఇప్పుడు కొత్త_స్కాలర్ గారికి. మీ టాపిక్ మీదే ఒక మాట చెప్తా, ఇది మీ ప్లానింగ్ స్టడీని తిరగరాయాల్సినంత పెద్ద విషయం అని నా నమ్మకం. ఆక్సిజన్ రక్తనాళం నుంచి సుమారు 150 మైక్రాన్ల దూరం దాకా వెళ్ళేసరికి అయిపోతుంది. క్లినిక్‌లో వాడే పెట్ స్కానర్ రిజల్యూషన్ నాలుగైదు మిల్లీమీటర్లు. అంటే మీ ఇమేజ్‌లో ఒక్క వోక్సెల్ (3డీ ఇమేజ్‌లో ఒక చిన్న గడి) లోపల బోలెడన్ని రక్తనాళాలు, వాటి చుట్టూ బాగా ఊపిరి ఆడే కణాలు, కొంచెం అవతల ఆక్సిజన్ లేక చావుబతుకుల్లో ఉన్నవి, ఇంకొంచెం అవతల చచ్చిపోయినవి, అన్నీ కలిసి ఉంటాయి. స్కానర్ మీకు ఇచ్చేది వాటన్నిటి సగటు. చచ్చిపోయిన కణాలు ఎఫ్‌మైసో లాంటి (ఆక్సిజన్ తక్కువున్న కణాల్లో చేరే) ట్రేసర్‌ని పట్టుకోవు, కాబట్టి నెక్రోసిస్ (చచ్చిపోయిన కణాల భాగం) ఎక్కువ ఉన్న వోక్సెల్‌లో హైపాక్సియా (ఆక్సిజన్ కొరత) కూడా గట్టిగానే ఉన్నా సిగ్నల్ తక్కువ కనిపించొచ్చు. పైగా మొదటి రెండు వారాల ట్రీట్‌మెంట్ అయ్యాక రీఆక్సిజనేషన్ (ఆ కణాలకి మళ్ళీ ఆక్సిజన్ అందడం) జరుగుతుంది, మీరు మొదట్లో గీసిన బూస్ట్ వాల్యూమ్ మూడో వారానికి అక్కడే ఉంటుందన్న గ్యారంటీ లేదు. కంప్యూటర్‌లో వోక్సెల్‌కి ఒక రంగు వేసి డోస్ పెంచడం సులువే. ఆ రంగు లోపల ఏముందో ఒక ట్యూమర్ కోతని పిమోనిడజోల్ (ఆక్సిజన్ తక్కువున్న కణాల్ని చూపించేది) స్టెయిన్ చేసి మైక్రోస్కోప్ కింద చూస్తే మీరే వేరే ప్రశ్న అడుగుతారు. ఆ స్లైడ్ చూపించమని మీ బయాలజీ గైడ్‌ని రేపే అడగండి.

ఇక మా వైపు లోపం కూడా చెప్పాలి, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. బయాలజీ పేపర్లలో డోసిమెట్రీ (డోస్ ఎలా కొలిచారో) రాయడం చాలాసార్లు ఘోరంగా ఉంటుంది. ఏ మెషీన్, ఎంత కేవీ (కిలోవోల్టులు), ఫిల్టర్ ఏంటి, దూరం ఎంత, ఎవరు ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు, ఏదీ ఉండదు. చిన్న లెక్క చూడండి. క్యాబినెట్ ఎక్స్‌రే ఇర్రేడియేటర్‌లో సోర్స్ నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర క్యాలిబ్రేషన్ ఉందనుకోండి. ఎవరో ఫ్లాస్క్ కింద ఒక 3 సెంటీమీటర్ల ట్రే పెట్టారు, ఇప్పుడు దూరం 27. వర్గ విలోమ నియమం ప్రకారం డోస్ ఇరవై మూడు శాతం పెరిగిపోయింది. ఆల్ఫా 0.3, బీటా 0.03 ఉన్న సెల్ లైన్ అయితే 4 గ్రేకి బతికేవి దాదాపు 19 శాతం, ఈ పెరిగిన డోస్‌కి 11 శాతం. కంట్రోల్ ఫ్లాస్క్‌లు కింద, మందు వేసిన ఫ్లాస్క్‌లు ట్రే మీద ఉన్నాయంటే చాలు, ఏ పనీ చెయ్యని మందు బ్రహ్మాండమైన రేడియోసెన్సిటైజర్‌లాగా (రేడియేషన్ ప్రభావాన్ని పెంచే మందులాగా) కనిపిస్తుంది. కర్వ్ అందంగా వస్తుంది, పేపర్ కూడా వస్తుంది, తర్వాత ఎవరు రిపీట్ చేసినా రాదు. ఒక ఫిజిక్స్ స్టూడెంట్ అక్కడ నిలబడి ఉంటే "ఆ ట్రే ఏంటి" అని ఒక్క ప్రశ్న అడిగేవాడు. నాకు ఇంటర్‌డిసిప్లినరీ ట్రైనింగ్ అంటే ఆ ప్రశ్న అడిగే చనువు ఏర్పడటం.

ఎలుకల్లో చేసేటప్పుడు ఇంకా జాగ్రత్త, కేవీ ఎనర్జీల్లో ఫోటోఎలెక్ట్రిక్ ఎఫెక్ట్ వల్ల ఎముక మెత్తటి టిష్యూ కంటే చాలా రెట్లు ఎక్కువ డోస్ పీల్చుకుంటుంది, సీజియం సోర్స్‌తో చేసిన పాత పేపర్ డోస్‌ని అలాగే ఎక్స్‌రే మెషీన్‌లో పెట్టేస్తే బోన్ మ్యారో మీద ఫలితం వేరుగా వస్తుంది. దీన్ని బయాలజీ వాళ్ళకి ఎవరూ చెప్పరు.

క్లోనోజెనిక్ చేయమన్నారు కదా అన్న, అది నిజంగా చేయండి. పక్, మార్కస్ 1956లో మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ మా ఫీల్డ్‌కి వెన్నెముక. సెల్స్ పలచగా సీడ్ చేసి, డోస్ ఇచ్చి, పది పద్నాలుగు రోజులు కదపకుండా వదిలేసి, స్టెయిన్ చేసి కనీసం 50 కణాలున్న వాటినే కాలనీగా లెక్కపెట్టాలి. 48 ఉన్నట్టు కనిపించేది కాలనీయా కాదా అని మీరే నిర్ణయించాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది ఆల్ఫా బీటా మీద ఎర్రర్ బార్ అంత వెడల్పు ఎందుకుంటుందో.

కొత్త_స్కాలర్

మేడమ్, వోక్సెల్ విషయం చదివాక నిజంగా ప్లాన్ కోడ్ మూసేసి కూర్చున్నా. నేను వోక్సెల్‌కి ఒక ఆక్సిజన్ విలువ, దాన్నుంచి ఒక ఓఈఆర్ (ఆక్సిజన్ లేనప్పుడు ఎన్ని రెట్లు డోస్ కావాలో చెప్పే విలువ), దాన్నుంచి ఒక డోస్ అని నేరుగా వెళ్ళిపోతున్నా. లోపల డిస్ట్రిబ్యూషన్ ఉంటుందని అనుకుని మోడల్ చేస్తే ఎలా ఉంటుందో చూడాలి. స్లైడ్ అడిగాను, వచ్చే వారం చూపిస్తానన్నారు.

డాక్టర్లు ఎవరైనా ఉంటే క్లినిక్ వైపు నుంచి కూడా చెప్పండి. అక్కడికి వెళ్తే అడ్డం వస్తున్నామేమో అనిపిస్తుంది, అందరూ హడావిడిగా ఉంటారు.

ట్యూమర్‌బోర్డ్_లో_మూలన

రేడియేషన్ ఆంకాలజిస్ట్‌ని, రీసెర్చ్ డిగ్రీ కూడా చేస్తున్నా. అడ్డం ఏమీ కాదండి, తప్పకుండా రండి. కాకపోతే ఊరికే వచ్చి నిలబడకుండా ఒకే పేషెంట్ కేసుని మొదటి నుంచి చివరి దాకా వెంబడించండి. ట్యూమర్ బోర్డ్‌లో ఆ కేసు చర్చకి వచ్చిన రోజు, తర్వాత సీటీ సిమ్యులేషన్‌లో (ప్లానింగ్ కోసం తీసే స్కాన్) కదలకుండా మాస్క్ బిగించేటప్పుడు, కాంటూరింగ్ (స్కాన్ మీద ట్యూమర్, అవయవాల హద్దులు గీయడం), ప్లాన్ రివ్యూ, మొదటి ఫ్రాక్షన్, వారం వారం రివ్యూ. పర్మిషన్లు, పేషెంట్ అనుమతి అన్నీ ముందే తీసుకుని. తల, మెడ కేసు అయితే నాలుగో వారానికి మనిషి బరువు తగ్గి మాస్క్ వదులవుతుంది, నోట్లో పుండ్లతో మింగలేక, మాట్లాడలేక కూర్చుంటారు. ఆ మనిషిని చూశాక మ్యూకోసా (నోటి లోపలి పొర) డోస్ అనేది డీవీహెచ్‌లో (ఎంత భాగానికి ఎంత డోస్ పడుతుందో చూపే గ్రాఫ్) ఒక గీతగా మాత్రం కనిపించదు మీకు. ఆ బూస్ట్ ఎక్కడ పడుతుంది, దాని పక్కన ఏముంది అని ముందు అదే చూస్తారు.

మీ టాపిక్‌కి దగ్గరి కథ ఒకటి ఉంది, ఇది ప్రతి కొత్త స్కాలర్‌కీ చెప్పాలి. టిరాపజమిన్ అని ఒక మందు, ఆక్సిజన్ లేని కణాల్నే వెతికి చంపేలా తయారుచేసింది. కెమిస్ట్రీ అద్భుతం, ల్యాబ్‌లో బయాలజీ అద్భుతం. ముందు చేసిన చిన్న ట్రయల్‌లో ఎఫ్‌మైసో పెట్‌తో చూస్తే హైపాక్సియా ఉన్నవాళ్ళకి బాగా పనిచేసినట్టు కనిపించింది. తర్వాత తల, మెడ క్యాన్సర్‌లో 861 మందితో పెద్ద ఫేజ్ 3 ట్రయల్ చేశారు, 2010లో ఫలితాలొచ్చాయి, సర్వైవల్‌లో తేడా లేదు. ఆ పెద్ద ట్రయల్‌లో హైపాక్సియా ఉన్నవాళ్ళని ఇమేజింగ్‌తో ఎంచుకోలేదు, అందరినీ చేర్చుకున్నారు. ఇంకా ముఖ్యమైంది, అదే ట్రయల్‌లో రేడియేషన్ ప్లాన్‌ల నాణ్యతని విడిగా రివ్యూ చేశారు. ట్యూమర్ కంట్రోల్‌ని దెబ్బతీసేంత పెద్ద లోపాలున్న ప్లాన్‌లు వచ్చినవాళ్ళలో రెండేళ్ళకి బతికున్నది 50 శాతం, ప్రోటోకాల్ ప్రకారం సరిగ్గా చేసినవాళ్ళలో 70 శాతం. తక్కువ మంది పేషెంట్లని చేర్చిన సెంటర్లలో లోపాలు ఎక్కువ. ఏ కొత్త మందు నుంచైనా మనం ఆశించే లాభం కంటే పెద్ద తేడా అది, వచ్చింది కాంటూరింగ్ నుంచీ ప్లానింగ్ నుంచీ. మందు మీద పనిచేసే కెమిస్ట్‌కి ప్లాన్ క్వాలిటీ తన సమస్య అని తెలియాలి, ఫిజిసిస్ట్‌కి పేషెంట్ సెలెక్షన్ తన సమస్య అని తెలియాలి.

డోస్ పెంచితే మంచిదే కదా అనే నమ్మకం గురించి కూడా. ఆర్‌టీఓజీ 0617 అనే ట్రయల్‌లో మూడో స్టేజ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి 60 గ్రే, 74 గ్రే పోల్చారు. 2015లో వచ్చిన పేపర్, 60 గ్రే వాళ్ళ మీడియన్ సర్వైవల్ 28.7 నెలలు, 74 గ్రే వాళ్ళది 20.3 నెలలు. ఎక్కువ డోస్ ఇచ్చినవాళ్ళే ముందు చనిపోయారు. గుండెకి తగిలిన డోస్‌కి సర్వైవల్‌తో సంబంధం ఉందని ఆ డేటాలోనే కనిపించింది, ఆ తర్వాతే కార్డియాలజీ వాళ్ళతో కూర్చుని గుండెలో ఏ భాగం అని వెతకడం ఊపందుకుంది. అంటే ఇప్పుడు మీరు ఊపిరితిత్తుల మీద డోస్ ఎస్కలేషన్ రీసెర్చ్ చేయాలంటే గుండె అనాటమీ కూడా కొంచెం రావాలి, తప్పదు.

డాక్టర్ల వైపు కొరత ఏంటో కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా, మాకు స్టాటిస్టిక్స్ చాలా తక్కువ నేర్పిస్తారు, కోడింగ్ అసలు నేర్పరు. రీసెర్చ్‌కి కేటాయించిన టైమ్ అని కాగితం మీద ఉంటుంది, క్లినిక్ ఎక్కువైన రోజు ముందు పోయేది అదే. ప్రోగ్రామ్ నడిపేవాళ్ళు డాక్టర్‌ని ట్రైన్ చేయాలనుకుంటే ముందు ఆ టైమ్‌ని కాపాడాలి, తర్వాతే ఏ కోర్సైనా.

డేటా_మోస్తున్న

అన్నా, నేను కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చిన, ఇప్పుడు రేడియోమిక్స్ (స్కాన్ ఇమేజ్‌ల నుంచి నంబర్లు తీసి రోగం గురించి అంచనా వేసుడు), ఆటో కాంటూరింగ్ మీద పని చేస్తున్న. మా దగ్గర ఎట్ల ఉంటదంటే డేటా ఫోల్డర్ చేతికి వస్తది, ట్రైన్ చేస్తం, ఏయూసీ (మోడల్ ఎంత బాగ చెప్తదో కొలిచే స్కోర్) బాగ వస్తది, అందరు సంతోషపడ్తరు. ఆ సీటీ ఏ స్కానర్ల తీసిండ్రు, స్లైస్ మందం ఎంత, ఏ కెర్నల్ (ఇమేజ్ తయారుచేసే సెట్టింగ్), ఆ కాంటూర్ ఎవరు గీసిండ్రు అని అడిగేటోళ్ళు తక్కువ. ఒకే పేషెంట్ స్లైస్‌లు కొన్ని ట్రైనింగ్‌ల, కొన్ని టెస్ట్‌ల పడితే మోడల్ ఆ మనిషిని గుర్తుపడ్తది గని రోగాన్ని కాదు. ఇది కోడ్ చూస్తే దొరకదు, పేషెంట్ అంటే ఏంది, స్టడీ అంటే ఏంది, రీస్కాన్ ఎప్పుడు చేస్తరు అని తెలిస్తేనే దొరుకుతది.

ఒక స్టడీ గురించి చెప్త, 2019ల వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ల సర్వైవల్ చెప్పే ఒక ఫేమస్ రేడియోమిక్స్ సిగ్నేచర్ ఉండె. దాన్ని తీసుకొని ట్యూమర్ లోపలి వోక్సెల్ విలువల్ని ర్యాండమ్‌గ కలిపేసిండ్రు, అంటే టెక్స్చర్ అంత నాశనం. అయినా ప్రెడిక్షన్ అంతే బాగ వచ్చింది. ఎందుకంటే అది నిజంగ కొలుస్తున్నది ట్యూమర్ సైజుని. సైజు పెద్దగుంటే పరిస్థితి బాగుండదని ఏ డాక్టర్‌ని అడిగినా ముందే చెప్తడు. మోడల్ మొదలుపెట్టక ముందు ఒక డాక్టర్, ఒక స్టాటిస్టీషియన్ పక్కన కూసుంటే "ఫస్ట్ వాల్యూమ్ ఒక్కటే పెట్టి చూడు" అనేటోళ్ళు.

ఇంక సాఫ్ట్‌వేర్ రాసేటోళ్ళందరికి థెరాక్-25 అనే రేడియేషన్ మెషీన్ కేసు తప్పకుండ చెప్పాలె. 1985 నుంచి 87 మధ్యల ఆరు ఓవర్‌డోస్ ప్రమాదాలు, మనుషులు చచ్చిపోయిండ్రు. అంతకు ముందు మెషీన్ల హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్‌లు (తప్పు జరిగితే మెషీన్‌ని ఆపేవి) ఉండె, ఇందుల తీసేసి సాఫ్ట్‌వేర్ మీద వదిలేసిండ్రు. ఆపరేటర్ అనుభవం ఎక్కువై స్పీడ్‌గ మోడ్ మార్చి టైప్ చేస్తే ఎనిమిది సెకన్ల లోపల చేసిన మార్పు మెషీన్‌కి సరిగ్గ అందలే. కోడ్ రాసినోళ్ళు ఆ రూమ్‌ల కూసొని ఆపరేటర్ ఎట్ల టైప్ చేస్తరో చూసి ఉంటే బాగుండు అని నాకు ఎప్పటికి అనిపిస్తది. అందుకే మా టీమ్‌ల కొత్తగ వచ్చినోళ్ళని ముందుగల ట్రీట్‌మెంట్ కన్సోల్ దగ్గర టెక్నాలజిస్ట్ పక్కన కూసోబెడ్తం. వాళ్ళకి తెలిసినంత మనకు తెల్వదు, ట్రైనింగ్ అంటే అందరు ప్రొఫెసర్ల పేర్లే చెప్తరు, టెక్నాలజిస్ట్‌లని ఎవ్వరు తలుచుకోరు.

నీకు ప్రాక్టీస్ కావాలంటే అన్నా, ఓపెన్‌కేబీపీ డేటా ఉంది, 340 మంది తల, మెడ పేషెంట్ల ప్లాన్‌లు, మ్యాట్‌రాడ్ (ప్లానింగ్ సాఫ్ట్‌వేర్) ఫ్రీగ దొరుకుతది, స్లైసర్ (ఇమేజ్‌లు చూసే సాఫ్ట్‌వేర్) ల ఓపెన్ చేసి మీ బయాలజీ దోస్తుకి చూపియ్. ఇద్దరు కలిసి ఒక్క ప్లాన్ తయారు చెయ్యండ్రి, ఆమెకు డోస్ ఎందుకు అన్ని దిక్కుల ఒకేలెక్క ఇయ్యలేమో అప్పుడు తెలుస్తది.

లినాక్_పక్కన

కాలనీ_కౌంటర్ గారూ, క్లాసుల మీద మీ మాట ఒప్పుకుంటున్నా, క్లాస్ అయిన వారంలోనే పని పడాలన్నది చాలా సరైన మాట. ఎస్ట్రో (యూరప్ రేడియేషన్ ఆంకాలజీ సంఘం) వాళ్ళ బేసిక్ క్లినికల్ రేడియోబయాలజీ కోర్సులో డాక్టర్లు, ఫిజిసిస్ట్‌లు, బయాలజిస్ట్‌లు ఒకే గదిలో కూర్చుంటారు, దానికైనా వెళ్ళి వచ్చాక చేత్తో చేసేది ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి.

కొత్త_స్కాలర్, గైడ్‌ల విషయం. ఇద్దరూ చెప్పేది వాళ్ళ వాళ్ళ వైపు నుంచి న్యాయమే. విడివిడిగా ఇద్దరికీ సర్దిచెప్తూ కూర్చుంటే మధ్యలో నువ్వు నలిగిపోతావు. ఒక పేజీ రాయి, ప్రశ్న ఏంటి, దానికి ఏ నంబర్ కావాలి, ఆ నంబర్ ఇప్పుడు లిటరేచర్‌లో ఉందా లేక మీ ల్యాబ్‌లోనే కొలవాలా. అడ్వైజర్‌తో కలిపి ముగ్గురినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఆ పేజీ వాళ్ళ ముందు పెట్టు. నీ డోస్ లెక్క వోక్సెల్ లోపలి ఆక్సిజన్ డిస్ట్రిబ్యూషన్ మీద ఆధారపడుతోంది కాబట్టి స్లైడ్ పని ముందు రావాలని ఆ పేజీ చూస్తే ప్లానింగ్ గైడ్‌కే అర్థమవుతుంది అనుకుంటా. పేపర్‌లో పేర్ల వరస కూడా ఆరోజే మాట్లాడుకోండి, తర్వాత కష్టం. ఇంకోటి, ముందు ముందు క్లినికల్ ఫిజిసిస్ట్‌గా చేయాలని ఉంటే చాలా దేశాల్లో పీహెచ్‌డీ ఒక్కటే చాలదు, హాస్పిటల్‌లో రెసిడెన్సీ లాంటి ట్రైనింగ్ విడిగా కావాలి, అది ఇప్పుడే తెలుసుకుని పెట్టుకో.

కొత్త_స్కాలర్

అన్నా, మేడమ్, డాక్టర్ గారూ, అందరికీ చాలా థ్యాంక్స్. ఒక పేజీ ఈరోజే మొదలుపెడతా. బయాలజీ ఫ్రెండ్‌కి ఈ థ్రెడ్ చూపించా, ట్రే లెక్క చదివి తన ఇర్రేడియేటర్ లోపల డోస్ నిజంగా ఎంత పడుతుందో కొలుద్దాం వస్తావా అని అడిగింది. మా దగ్గర రేడియోక్రోమిక్ ఫిల్మ్ (రేడియేషన్ తగిలితే రంగు మారే ఫిల్మ్) ఉంది. ఫ్లాస్క్ కింద పెట్టి చూడొచ్చా? ఏమేం జాగ్రత్తలు?

లినాక్_పక్కన

తప్పకుండా పెట్టొచ్చు. ముందు ఆ క్యాబినెట్ అవుట్‌పుట్‌ని అయాన్ ఛాంబర్‌తో కొలవమని మీ ఫిజిక్స్ గైడ్‌ని అడుగు, కేవీ బీమ్‌లకి ఏఏపీఎం (అమెరికా మెడికల్ ఫిజిసిస్ట్‌ల సంఘం) టీజీ-61 ప్రోటోకాల్ ఉంది, దాని ప్రకారం. ఫిల్మ్ క్యాలిబ్రేషన్ కర్వ్ కూడా అదే కేవీ, అదే ఫిల్టర్‌తో తీయాలి, లినాక్ దగ్గర తీసిన కర్వ్ ఇక్కడ వాడొద్దు. సెల్స్ ఫ్లాస్క్ అడుగున అతుక్కుని ఉంటాయి కాబట్టి అడుగు కిందే ఫిల్మ్ పెట్టండి, పైన ఎప్పుడూ పోసేంత మీడియం పోసి, అప్పుడే అసలు పరిస్థితి. ట్రే మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు ముక్కలు, కోసేటప్పుడే ప్రతి ముక్క మీద ఏ వైపు పైకో చిన్న గుర్తు పెట్టండి, స్కానర్‌లో తిప్పి పెడితే రీడింగ్ మారుతుంది. చేతులకి గ్లోవ్స్ వేసుకోండి. చిన్న డోస్‌లకి ట్యూబ్ ఆన్ అయ్యి స్థిరపడే టైమ్ కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి 1 గ్రేకి, 4 గ్రేకి విడిగా కొలవండి. అన్నిటికంటే ముఖ్యం, వెంటనే స్కాన్ చెయ్యొద్దు, ఫిల్మ్ ఇంకా నల్లబడుతూనే ఉంటుంది, కవర్‌లో చీకట్లో పెట్టి మర్నాడు అదే టైమ్‌కి, క్యాలిబ్రేషన్ ముక్కలతో పాటు ఒకేసారి స్కాన్ చేయండి. మూలల్లో ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టు, చూద్దాం.